ఎసిటోన్ చాటున బ్యూటనాల్

బ్యూటనాల్ అను ఆల్కహాలు నేడు రంగులకును, వార్నీషులకును, ప్లాస్టిక్ పరిశ్రమకును కావలసిన ద్రావణులలో ముఖ్యమైనదై, పెట్రోలులో కలుపదగిన ఇంధనముగా కూడ పేరొంది, ఓడలమీద దేశదేశములకు తరలిపోవుచున్నది. ఐనను దీని చరిత్రను తొలినుండి పరిశీలించినచో, దీని భాగ్యము ఎన్నడును దీని చేతిలో లేదనియు, రబ్బరు వెలయో, ఫిరంగి మందో, మోటారుబండి రంగో, ఏదో యొక పరాయి అవసరమే దీనిని అంగడికెక్కించుచు దించుచు వచ్చినదనియు స్పష్టమగును.

సూక్ష్మజీవులు ఈ ఆల్కహాలును పుట్టింపగలవని పాశ్చర్ 1861-62 ప్రాంతముననే గుర్తించినను, అర్ధశతాబ్దము వరకు అది ప్రయోగశాల దాటి రాలేదు. 1910లో రబ్బరు ధర మిన్నంటగా, బ్యూటనాల్ నుండి బ్యూటడైయీనును, దానినుండి కృత్రిమ రబ్బరును చేయవచ్చునను ఆశతో స్ట్రేంజ్ అండ్ గ్రాహమ్ అను ఆంగ్ల సంస్థ మాంచెస్టరులోని ఆచార్య పెర్కిన్‌ను, పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన ఫెర్న్‌బాక్‌ను ఆశ్రయించెను. పెర్కిన్ చెంత పనిచేయుచుండిన చైమ్ వైజ్‌మన్, కాలక్రమమున ఇజ్రాయెల్ దేశమునకు తొలి అధ్యక్షుడైనవాడు, ఆ బృందమునుండి వేఱుపడి, మొక్కజొన్న పిండిని నేరుగా పులియజేయు నొక బాక్టీరియాను వేఱుచేసెను. ఇంతలో తోటల రబ్బరు సమృద్ధిగా దిగి ధర పడిపోగా, మొదటి ఆశ వాడిపోయెను.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. బ్రిటిషు ఫిరంగులు వాడు కార్డైట్ అను మందును తయారుచేయుటకు ఎసిటోన్ అను ద్రావణి కావలెను. అది అంతవఱకు కట్టెలను బట్టీపెట్టి తీయబడుచుండెను. వైజ్‌మన్ బాక్టీరియా ఇచ్చు ద్రావణులలో ఎసిటోన్ మూడు పాళ్ళు, బ్యూటనాల్ ఆఱు పాళ్ళు, సామాన్యమైన ఆల్కహాలు, అనగా ఇథనాల్, ఒక పాలు. నౌకాదళము కోరినది ఆ మూడు పాళ్ళే. 1915లో లండనునందలి బ్రోమ్లీ బై బో వద్ద నికల్సన్ జిన్ డిస్టిలరీలో ఈ పద్ధతిని పరీక్షించిరి.

డిస్టిలరీ పనివారికి ఇది క్రొత్త విద్య. వారికి అలవాటైన ఈస్టు మొండి జీవి. మూతలేని తొట్టిలో వేసినను తన పని తాను చేసికొనును. ఈ బాక్టీరియాకో గాలి సోకరాదు, ఇతర సూక్ష్మజీవి చేరరాదు. అందువలన మొక్కజొన్న జావను ఆవిరి పీడనమున ఉడికించి, 37 డిగ్రీల సెల్సియస్ వఱకు చల్లార్చి, గొట్టములను, వాల్వులను ఆవిరితో శుద్ధిచేసి, మూసిన తొట్టిలోనికి పంపి, అప్పుడు బీజమును చేర్చవలసి యుండెను. జావ వాయువుతో పొంగి, పిండిముద్ద పైకి తేలి, మరల క్రిందికి దిగి, రెండు మూడు దినములలో ద్రవము బట్టీపెట్టుటకు సిద్ధమగును. ముప్పది యేండ్ల తరువాత పెనిసిలిన్ తొట్లను నడిపినవారికి అక్కఱకు వచ్చిన శుచిత్వవిద్యలో చాల భాగము ఇక్కడ అలవడినదే.

1917లో జలాంతర్గాముల భయమున ధాన్యము కొఱవడగా, బడిపిల్లలచేత హార్స్ చెస్ట్‌నట్ కాయలను ఏరించి కింగ్స్ లిన్ కర్మాగారమున వాడ యత్నించిరి. కాయలు కుప్పలుగా చేరినవి కాని పని సాగలేదు. నిజమైన ఉత్పత్తి మొక్కజొన్న పుష్కలముగా గల టొరాంటో నగరమునందలి గుడర్‌హామ్ అండ్ వర్ట్స్ డిస్టిలరీలోను, ఇండియానా రాష్ట్రమందలి టెర్ర హోట్‌లోను జరిగెను. బ్యూటనాల్ మాత్రము కొనువాడు లేక తొట్లలో పేరుకొనిపోవుచుండెను.

ఆ తొట్లే దాని అదృష్టమునకు కారణమైనవి. యుద్ధము ముగిసి ఎసిటోన్ గిరాకీ పోయిన పిమ్మట, 1919లో వెలసిన కమర్షియల్ సాల్వెంట్స్ కార్పొరేషన్ టెర్ర హోట్ కర్మాగారమును చేపట్టెను. అంతవఱకు లాకర్లు అను మెఱుగుపూతలకు ద్రావణిగా వాడబడిన అమైల్ ఎసిటేట్ సారా బట్టీలలో మిగులు ఫ్యూజెల్ నూనెనుండి వచ్చుచుండగా, 1920లో అమెరికా మద్యనిషేధము విధించుటతో ఆ మూలము క్షీణించెను. కొలది యేండ్లకే డ్యూపాంట్ సంస్థ డ్యూకో అను నైట్రోసెల్యులోజు లాకరును 1923లో బయటపెట్టగా, వార్నీషు ఆరుటకై వారముల తరబడి షెడ్డులలో నిలిచియుండిన మోటారుబండ్లు గంటలలో ఆరి రోడ్డెక్కసాగెను. ఈ లాకరునకు బ్యూటనాల్ నుండి చేయు బ్యూటైల్ ఎసిటేట్ దివ్యమైన ద్రావణి. యుద్ధములో అక్కఱకు రాని ఆఱు పాళ్ళ బ్యూటనాల్ ప్రధానసరకు కాగా, ఎసిటోన్ ఉపోత్పత్తిగా మాఱెను. ఫిరంగి కొఱకు పుట్టిన తొట్టి బండి రంగు కొఱకు బ్రదుకుట నాకు ఈ చరిత్రలో మిక్కిలి సంతోషము గొలుపు ఘట్టము. 1923లోనే బాక్టీరియాలను చంపు వైరసు తొట్లలో చొరబడి ఉత్పత్తిని సగమునకు దించినను, ఆ తాకిడికి తట్టుకొను బీజమును సంపాదించి నిలిచిరి.

1936లో పేటెంట్ల గడువు తీరగా చక్కెర మడ్డిని పులియజేయు కర్మాగారములు అనేక దేశములలో వెలసెను. జపాన్ తన వాయుదళపు ఇంధనమునకై తైవాన్‌లోని చియాయిలో చిలగడదుంపలనుండి బ్యూటనాల్‌ను తీసెను. ఐతే 1938లో జర్మనీయందు ఓటో రోలెన్ కనుగొనిన ఆక్సో పద్ధతి, అనగా ప్రొపిలీనును హైడ్రొజను, కార్బన్ మోనాక్సైడులతో కలిపి ఆల్డిహైడుగ మార్చి పిదప ఆల్కహాలుగ చేయుట, చమురు చౌకైన కొలది తొట్లను మూయించెను. ఐనను దక్షిణాఫ్రికాలోని జెర్మిస్టన్ కర్మాగారము 1980ల ఆరంభము దాక నిలిచెను. తెలుగునాట కూడ ఆక్సో మార్గమే: తణుకు ఆంధ్రా షుగర్స్ వారు ప్రోత్సహించిన ఆంధ్రా పెట్రోకెమికల్స్ విశాఖపట్టణమున ప్రొపిలీనునుండి బ్యూటనాల్‌ను చేయుచున్నది. మడ్డి చేతనున్న చక్కెర సంస్థ కూడ చమురునే ఆశ్రయింపవలసివచ్చుట చూడగా, పులియబెట్టు విద్య ఎంత వెనుకబడెనో తెలియుచున్నది.

ఇథనాల్ లీటరున 21 మెగాజౌళ్ళ శక్తి నీయగా బ్యూటనాల్ 29 మెగాజౌళ్ళ వఱకు ఇచ్చును. నీటిని అంతగా పీల్చుకొనదు. ఈ గుణములకై 2000ల దశకమున మరల దానిని పంటనుండి తీయ యత్నములు సాగెను. బీపీ, డ్యూపాంట్ సంస్థలు 2006లో చేతులు కలిపెను. చిక్కంతయు వైజ్‌మన్ తొట్టియందలిదే. జావలో ద్రావణులు నూటికి రెండు పాళ్ళు చేరగానే వానిని పుట్టించిన బాక్టీరియాలే చచ్చిపోవును. తక్కిన తొంబదియెనిమిది పాళ్ళ నీటిని కాచి వేఱుచేయుటకు అగు ఇంధనపు ఖర్చే నేటికిని లాభమును మ్రింగివేయుచున్నది.