పానగల్లు నీడ

నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలపు త్రికూటం, అంటే ఒకే మండపంలోకి మూడు గర్భగుడులు తెరుచుకునే కట్టడం. ఒక గర్భగుడిలో, పొద్దు కదిలినా కదలక, పగలంతా శివలింగం వెనుక నిలిచే నీడే ఆ గుడికి పేరు తెచ్చింది. చెదిరిన వెలుగు స్తంభాల నడుమ నుంచి లోపలికి రావడమే దీనికి కారణమనే వివరణను, అట్టపెట్టె గుడిలో సుద్దముక్కల స్తంభాలు నిలిపి, తెల్లకాగితంపై పడి చెదిరే టార్చి వెలుగును అటూ ఇటూ జరిపి చూసే విద్యార్థి తానే పరీక్షించగలడు.

రాతి శాసనాల నకలు తీయడం నేర్చుకోవడానికీ ఇలా నమూనాపై చేసి చూడటమే మేలు. తడి కాగితాన్ని రాతిపై పరిచి, కుంచెతో తట్టి గుంటల్లోకి దించి, సిరా అద్ది తీసే నకలును ఎస్టాంపేజీ అంటారు. అనుమతి లేనిదే అసలు రాతిని తాకరాదు గనుక, పచ్చి మట్టిపలకపై అక్షరాలు చెక్కి కాల్చి, దానిపై ఈ పని చేస్తే, నల్లని కాగితంలో అక్షరాలు తెల్లగా తేలుతాయి.