విజ్జీ (విజయ ఆనంద గజపతి రాజు)

విజయనగరం మహారాజ్‌కుమార్‌గా, 'విజ్జీ'గా పేరొందిన సర్ విజయ ఆనంద గజపతి రాజు (28 డిసెంబరు 1905 – 2 డిసెంబరు 1965) భారత టెస్ట్ క్రికెట్ జట్టు కెప్టెన్, క్రీడా పాలకుడు, రేడియో వ్యాఖ్యాత. విజయనగరం పూసపాటి రాజవంశంలో రెండో కుమారుడు. కుటుంబానికి చెందిన బెనారస్ ఎస్టేటులో స్థిరపడి, సొంత మైదానం, సొంత జట్టు ఏర్పరచుకున్నాడు. 1930–31లో ఇంగ్లండ్ ఓపెనర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఆ జట్టుకు ఆడారు.

1936 ఇంగ్లండ్ పర్యటనకు నాయకత్వం వహించాడు. మూడు టెస్టుల్లో లార్డ్స్, ఓవల్‌లలో భారత్ తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడింది. ఓల్డ్ ట్రఫర్డ్ మ్యాచ్ డ్రా అయింది. ఆరు ఇన్నింగ్స్‌లలో అతడు చేసినవి 33 పరుగులు, సగటు 8.25. జట్టులో అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మధ్యలోనే వెనక్కి పంపడం ఈ పర్యటనలో అన్నిటికన్నా వివాదాస్పద నిర్ణయం. అదే ఏడాది పొందిన నైట్ బిరుదును 1947లో వదులుకున్నాడు.

1954 నుంచి 1957 వరకు క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షుడు. ఆట మానేశాక మైకు ముందుకు వచ్చి ఇంగ్లిష్‌లో వ్యాఖ్యానం చెప్పాడు; 1959లో భారత జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించినప్పుడు బీబీసీకి అతిథి వ్యాఖ్యాత. 1958లో పద్మభూషణ్ లభించింది. విశ్వవిద్యాలయాల అంతర్ మండల క్రికెట్ పోటీకి విజ్జీ ట్రోఫీ అని అతని పేరే పెట్టారు.