సర్పగంధి నుంచి ఉప్పల్ రోడ్డు దాకా

మనోవ్యాధి గురించి మన రచయితల్లో రెండు మాటలు తరచు వినిపిస్తాయి. అది సమాజం చేసిన గాయమన్నది ఒకటి. మాత్ర ఆ గాయాన్ని కప్పిపుచ్చే సాధనమన్నది రెండోది. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదాన్ని చరిత్ర ముందు నిలబెట్టి చూడాలంటాను.

నాటువైద్యులకు తరతరాలుగా తెలిసిన సర్పగంధి వేరు ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ దానినుంచి రిసర్పిన్‌ను వేరుచేసింది. అదే ఏడాది పారిస్‌లో డెలే, డెనికర్ క్లోర్‌ప్రోమజీన్‌ను ఉన్మాద రోగులకిచ్చి చూశారు. రిసర్పిన్ నాడీకణాల్లోని డోపమీన్, సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. క్లోర్‌ప్రోమజీన్ డోపమీన్ గ్రాహకాలను అడ్డగిస్తుంది. దారులు వేరైనా ఉద్రేకం తగ్గుతుంది. దాంతోపాటు చేతులు వణకవచ్చు, ఒళ్ళు బిగుసుకోవచ్చు. రిసర్పిన్‌తో కదలిక లేకుండా పడివున్న జంతువులను 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ ఎల్-డోపా ఇచ్చి లేపాడు. మనోవ్యాపారాలకు పదార్థమే ఆధారమని నమ్మే మనకు ఈ చరిత్ర పరాయిదెలా అవుతుంది?

ఇక మన ఉప్పల్ రోడ్డుకు వద్దాం. నిజాం పాలనలో 1944లో మొదలైన ప్రయోగశాల 1956లో ప్రాంతీయ పరిశోధనశాల అయింది. ఇప్పటి ఐ.ఐ.సి.టి. అదే. 1972లో అమలులోకి వచ్చిన పేటెంట్ చట్టం మందుమీద కాక, తయారీ పద్ధతిమీదే హక్కునిచ్చింది. కొత్త పద్ధతులు కనిపెట్టడంలో ఇలాంటి ప్రభుత్వ పరిశోధనశాలలు అండగా నిలిచాయి. చవక మందు దేశానికి దక్కింది. 2001 ఆగస్టులో హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్, ఎలీ లిల్లీవారి ప్రోజాక్‌కు సమానమైన 40 మిల్లీగ్రాముల ఫ్లుయాక్సిటిన్‌ను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికాలో అమ్మింది. ప్రజల అవసరం మార్కెట్‌గా మారిన కథ కూడా ఇదే. 2005లో చట్టం మారి మందుమీదే పేటెంట్ తిరిగివచ్చింది.

మార్కెట్‌కు సులువైన నినాదం కావాలి. 'డిప్రెషన్ అంటే సెరటోనిన్ కొరత' అన్నది అలాంటిదే. ఫ్లుయాక్సిటిన్ కొన్ని గంటల్లోనే సెరటోనిన్ తిరుగుదారిని మూస్తుంది. మనిషి తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. కొరత ఒక్కటే కారణమైతే ఈ ఆలస్యం ఎందుకు? 1977లో ఆ పరిశోధనశాల ఆవరణలోనే పుట్టిన సి.సి.ఎం.బి.లో అమితాభ చట్టోపాధ్యాయ బృందం, ఒక సెరటోనిన్ గ్రాహకం పనితీరు కణపొరలోని కొలెస్టరాల్‌పైన కూడా ఆధారపడి వుంటుందని చూపించింది. శాస్త్రం చెప్పేది నినాదమంత సులువుగా లేదు.

నాచారం పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టులతో నిద్ర పోగొట్టుకున్న కార్మికుడికి మాత్ర నిద్రనిస్తుంది. షిఫ్టును మార్చదు. నిజమే. కాని లేని గొంతులు వినిపించి అన్నం మానేసిన మనిషికి మందు ఆపి సమాజ విశ్లేషణ వినిపించడం అభ్యుదయం కాదు, క్రూరత్వం. మందు హఠాత్తుగా మానితే రోగం తిరగబెట్టే ప్రమాదముంది. చికిత్స పొందడం, ఆ చికిత్స గురించి తెలుసుకోవడం రోగి హక్కులని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది.

కాబట్టి మన కథల్లో పిచ్చివాణ్ణి ప్రతీకగా నిలబెట్టి చేతులు దులుపుకోవద్దు. అతని మాత్రనూ, వణుకుతున్న చేతినీ, ఆ చేతికి అందే కూలినీ కలిపి రాద్దాం.