పొనికి కర్ర, నిర్మల బొమ్మ

కొయ్యబొమ్మ సొగసంతయు పనివాని చేతిలోనే యున్నదని మనము తలంతుము. అందు సగపాలు చెట్టుదని నిర్మల బొమ్మల చరిత్ర తెలుపుచున్నది.

నిర్మల పట్టణము పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిది; 2016 నుండి తానే జిల్లా కేంద్రము. నిమ్మనాయుడు ఈ పట్టణమును నెలకొల్పి, నకాషీ పనివారిని రప్పించి ఆదరించెనని స్థానికులు చెప్పుదురు. చేరువ అడవులలో వారికి పొనికి చెట్టు దొరకెను. దాని కర్ర మిక్కిలి తేలిక, మిక్కిలి మెత్తన. రంపము, ఉలి, ఆకురాయి యున్న చాలును. అంగములను వేరువేరుగా చెక్కి అతికింతురు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన లప్పముతో అతుకులు పూడ్చి, తెల్లపూత పూసి, ఆరిన పిదప రంగులు దిద్దుదురు.

ఇట్టి చేతిపని దూరదేశములందును కలదు. 1953లో కాలిఫోర్నియాలో డాన్ మర్ఫీ యను స్కౌటు నాయకుడు బాలురకు కొయ్యకార్ల పందెము నేర్పరచెను. బాలుడు తండ్రితో గూడి పైన్ కొయ్యదిమ్మెను చెక్కి, చక్రములు తగిలించి, వాలుబాటపై వదలును. అదియు మెత్తని కొయ్యయే. అయితే పైన్ చెట్లను తోటలుగా పెంచుదురు. పొనికి అడవిచెట్టు, నరికినంత వేగముగా నాటినవారు లేరు. నేడు పనివారికి ఆ కర్ర దొరకుట కష్టమైనది.

1955లో నిర్మల పనివారికి సహకార సంఘ మేర్పడెను. 2009లో వారి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. పేరునకు రక్షణ కలిగినది. కర్రకు కలుగవలసి యున్నది. ఉలి పట్ట నేర్చుటకు ఏండ్లు పట్టును, చెట్టు పెరుగుటకును ఏండ్లు పట్టును. రెండింటిని ఒకేనాడు మొదలిడుట మేలని మేము తలంతుము.