గాలిలో మాటకు గొళ్ళెం

ప్రొద్దుటూరులో బంగారం కొట్టు మూసేటప్పుడు మావారు తాళం ఒకటికి రెండుసార్లు లాగి చూసిగాని మెట్లు దిగరు. మా ఇంటి వైఫైకి మాత్రం పెట్టెతో వచ్చిన పాస్‌వర్డే ఏళ్ళ తరబడి ఉండిపోయింది!

"గాలిలో పోయేదానికి తాళమేంది వదినా?" అంటుంది జమ్మలమడుగులో ఉండే మా ఆడపడుచు.

గాలిలో పోయేదానికే తాళం కావాలని లోకానికి చాటినవాడు ఎవరనుకున్నారు? ఒక గారడీవాడు! 1903 జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ దొర ఉపన్యాసం. ఎక్కడో కార్న్‌వాల్ తీరాన ఉన్న పోల్డూ నుంచి మార్కోనీ వైర్‌లెస్ వార్త పంపాలి. ఆ వార్త రాకముందే సభలోని యంత్రం టకటకలాడింది. "ఎలుకలు" అంటూ అదే మాట మళ్ళీ మళ్ళీ! ఆ పైన మార్కోనీని వెక్కిరిస్తూ పద్యం కూడానూ. పంపింది నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు. తన వార్తల్లో ఎవరూ వేలు పెట్టలేరని మార్కోనీ చెప్పుకుంటున్నాడు కదా, అది ఉత్తమాటేనని నిరూపించాడన్నమాట.

ఇక మన వైఫై కథ. 1997లో దానికి వేసిన మొదటి తాళం పేరు వెప్. 2001లో ముగ్గురు పండితులు అందులోని లోపం బయటపెట్టారు. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది. 2017లో అందులోనూ సందు దొరికింది. మరుసటేడు డబ్ల్యూపీఏ3 వచ్చింది. దొంగకూ తాళాలవాడికీ పోటీ తెగేది కాదు.

మనదాకా రాదులే అనుకుంటాం. 2008 జూలైలో అహమ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు నవీ ముంబయిలో ఒక ఇంటి వైఫై గుండా వెళ్ళింది. పోలీసులు వచ్చింది ఆ ఇంటికే! 2009లో టెలికాం శాఖ వైఫైలకు కట్టుదిట్టాలు చేయమని కంపెనీలను ఆదేశించింది.

"మీ ఊరి పక్కనే గండికోట ఉంది కదమ్మా! ఒకవైపు పెన్నమ్మ లోయ, చుట్టూ అంత గోడ. అయినా కోటకు తలుపులెందుకు పెట్టారంటావు?" అన్నాను ఆడపడుచుతో. మాట్లాడలేదు.

పులివెందులలో ఇంజినీరింగ్ చదివే దాని కూతురు సెలవులకొచ్చి మా ఇంటి పాస్‌వర్డ్ మార్చింది. పెట్టెలోని సాఫ్ట్‌వేర్ కొత్తది చేసింది. చుట్టాలకు వేరే దారి పెట్టింది.

"ఊరూ పేరూ, పెళ్ళిరోజూ పాస్‌వర్డ్‌గా పెట్టద్దత్తా. నాలుగైదు సంబంధం లేని మాటలు కలిపి పెట్టుకో" అంది.

ఆ రాత్రి మావారు కొట్టు తాళం లాగి చూసి వచ్చారు. ఇంటి తాళం సంగతి నేను చూసుకున్నాను. మరి మీరో?