జీన్స్ వాషింగ్: రసాయన భద్రత

అనంతపురం జిల్లా గుమ్మఘట్టకు పొరుగునున్న రాయదుర్గం, కర్ణాటక సరిహద్దు అవతలి బళ్ళారి జీన్స్ కుట్టుకు పేరుపడ్డ ఊళ్ళు. కుట్టుమిషన్ దగ్గర రసాయనాల బెడద తక్కువే. కొత్త ప్యాంటును పాతదానిలా వెలిసినట్టు చేసే వాషింగ్‌లోనే అసలు తంటా. తొడలు, మోకాళ్ళ దగ్గర తెల్లబరచడానికి పొటాషియం పర్మాంగనేట్ స్ప్రే చేస్తారు. ఊదారంగు తడి కాసేపటికి గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని సోడియం మెటాబైసల్ఫైట్‌తో పోగొడతారు. ఆ స్ప్రే తుంపర్లు కళ్ళకూ ఊపిరితిత్తులకూ చేటు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపదు. గాలిని బయటికి లాగేసే ఫ్యాను, సరైన మాస్కు, కళ్ళద్దాలు, రబ్బరు గ్లవ్స్ ఉండాల్సిందే. బ్లీచింగ్ ద్రావణాన్ని యాసిడ్ పక్కన పెట్టకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి రంగు దించే పద్ధతి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చిపెట్టడంతో టర్కీ దాన్ని 2009లో నిషేధించింది.

ముప్పు వాషింగ్‌లో మాత్రమే కాదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని దుస్తుల కర్మాగారంలో 2022 జూన్ 3న, మళ్ళీ ఆగస్టు 2న విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ ప్రమాదకర పరిశ్రమల్లో రసాయనాల ముప్పును కార్మికులకు తెలియజెప్పే బాధ్యతను యజమానిపైనే పెట్టింది.