నౌపడ మడుల్లో నీటి లెక్క

మా ఊరు నౌపడ పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేవి రెండే: రైలు, ఉప్పు. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో ఇక్కణ్ణుంచే బయల్దేరింది. ఉప్పుది అంతకంటే పెద్ద కథ. అయినా కాగితాలకెక్కింది ఎక్కువగా సర్కారు లెక్కే. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కుంపెనీ ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. సముద్రం పక్కనే ఉండి కూడా ఇంటికి కావాల్సిన ఉప్పు చేసుకోవడం నేరమైంది. 1931 గాంధీ-ఇర్విన్ ఒడంబడికతో తీరం ఊళ్లకు కాస్త వెసులుబాటు దొరికింది. 1947లో ఉప్పు పన్ను పోయింది.

ఉప్పు మడిలో దిగినవాళ్ల పనితనం ఈ లెక్కల్లో కనిపించదు. నాకు అసలు చరిత్ర అదే.

లీటరు సముద్రపు నీళ్లలో లవణాలన్నీ కలిపి 35 గ్రాములు. వాటిలో మనం తినే ఉప్పు దాదాపు 27. నీళ్లన్నీ ఒకేచోట ఇంకబెడితే దొరికేది చేదు ఉప్పే. అందుకే నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తారు. ముందు సున్నం దిగుతుంది, ఆ తర్వాత జిప్సం. పదింట తొమ్మిది వంతుల నీరు ఆవిరయ్యాక, నీటి చిక్కదనం చెప్పే బామే కొలతలో 25 డిగ్రీలు దాటాక, ఉప్పు గల్లు కట్టడం మొదలవుతుంది. 29 దగ్గరికొచ్చేసరికి మిగిలిన నీళ్లు తీసేయాలి. అప్పటికి వాటిలో మెగ్నీషియం బాగా చిక్కబడి ఉంటుంది. పాతకాపులు నీటి రంగు, పాదం కింది బరక చూసే ఆ సమయం చెబుతారు. ఎంత నీరు పోగొట్టాలో తెలిస్తే చాలదు, ఏ నీటిని ఎండనివ్వకూడదో తెలియాలి. ఉప్పు మంచిచెడ్డలు అక్కడే తేలిపోతాయి.

జిప్సం సంగతి ఇంకా చిత్రం. దాని స్ఫటికంలోనే నీరు బిగిసి ఉంటుంది. మా రోహిణి ఎండ కూడా దాన్ని లాగలేదు. 150 డిగ్రీల దాకా కాలిస్తే ఆ నీటిలో ముప్పాతిక వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది.

ఎండ మీద బతికే పనికి వానే శత్రువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్ని ఊడ్చేసింది. తుపాను లేకపోయినా, ఒక్క అకాల వర్షం చాలు, మడి మళ్లీ మొదటికొస్తుంది.

గట్టు మీద రాశి పోశాక కూడా పని అయిపోదు. గల్లుకు అంటుకున్న మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని, చెమ్మగిల్లి, చుక్కచుక్కగా అడుగుకు కారిపోతుంది. నిలవున్నకొద్దీ చేదు తగ్గుతుంది. అందుకే మా ఇళ్లలో ఆవకాయకు కొత్త ఉప్పు వాడరు, పాత రాశిలోదే అడిగి తెచ్చుకుంటారు.